ఏఏ చరిత్ర చదవాలనుకుంటే: ఏ పుస్తకం ఎవరికి, ఏది ముందు

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు పేర్లు బయటపెట్టకుండా ఒకరికొకరు సాయం చేసుకునే సంఘం. అది తన పుట్టినరోజుగా జరుపుకునేది 1935 జూన్ 10. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో సర్జన్‌గా ఉన్న డాక్టర్ బాబ్ స్మిత్ ఆఖరిసారి తాగింది ఆ రోజేనని సంస్థ చెబుతుంది. ఆపరేషన్‌కి వెళ్లే ముందు చేతులు వణకకుండా, ఆయనతో కలిసి ఏఏని మొదలుపెట్టిన బిల్ విల్సన్ ఆయనకు ఒక బీరు ఇచ్చాడని, ఆ తర్వాత బాబ్ చచ్చేదాకా మందు ముట్టలేదని కథనం. చిక్కు ఎక్కడంటే, దానికి ముందే బాబ్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభల కోసం అట్లాంటిక్ సిటీ వెళ్లి, దారి పొడవునా తాగి, కొన్ని రోజులకు ఇల్లు చేరాడు. ఆ ఏడాది ఆ సభలు మొదలైందే జూన్ 10న. అంటే ఆ బీరు జూన్ 17 ప్రాంతంలో తాగి ఉండాలని పరిశోధకుల లెక్క.

వారం రోజుల తేడాతో ఎవరి తాగుడు మానడమూ ఆగిపోదు. కానీ పుస్తకం ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు. ఏఏ తొలి రోజుల కథల్లో చాలా భాగం ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద చెప్పినవి. అందులోనూ ఎక్కువ భాగం బిల్ ఒక్కడి నోట వచ్చినవి. ఆయన మంచి కథకుడు, సభలో కొత్తగా వచ్చినవాడికి ధైర్యం చెప్పడానికి మాట్లాడేవాడు. తేదీల కోసం కాదు. అందుకే మా సలహా ముందే చెప్పేస్తున్నాం: ఒక్క పుస్తకంతో సరిపెట్టుకోకండి, జతగా చదవండి. ఒకటి జ్ఞాపకాల పుస్తకం, రెండోది ఆనాటి ఉత్తరాలు, రికార్డులు చూసి రాసిన కాగితాల పుస్తకం. ఏ జత అన్నది మీరెవరు, ఎందుకు చదువుతున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మానేసి కొద్ది రోజులే అయితే

మానేసి వారమో నెలో అయినవాళ్లకు చరిత్ర పుస్తకాలు ఇప్పుడు వద్దు. 1975లో ఏఏ వేసిన 'లివింగ్ సోబర్' చిన్న పుస్తకం, వంద పేజీలు కూడా ఉండదు. మొదటి గుక్క మానడం ఎలా, సాయంత్రం ఆ వేళకి ఏం చెయ్యాలి, ఏదైనా తీపి తింటే ఆ యావ ఎందుకు తగ్గుతుంది లాంటివి అందులో ఉంటాయి. చరిత్ర ఎక్కడికీ పోదు, ఆరు నెలల తర్వాత చదవొచ్చు.

ఇంకొక మాట, చాలా గట్టిగా. పాత పుస్తకాల్లోని వైద్యాన్ని ఇంట్లో అనుసరించకండి. డాక్టర్ బాబ్ తన రోగులకు టమాటా, పులియబెట్టిన క్యాబేజీ, కార్న్ సిరప్ పెట్టేవాడని చదువుతారు. బిల్ చేరిన న్యూయార్క్ టౌన్స్ ఆసుపత్రిలో బెల్లడోనా మందు వాడేవారు. అవి 1930ల నాటి పద్ధతులు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ పని డాక్టరు పర్యవేక్షణలోనే జరగాలి.

అరగంట మాత్రమే ఉంటే

జాక్ అలెగ్జాండర్ అనే విలేకరి 1941 మార్చి 1న 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో రాసిన వ్యాసం చదవండి. ఏఏ దాన్ని ఇప్పటికీ కరపత్రంగా వేస్తుంది. ఆయన సభ్యుడు కాడు, అనుమానంతో వచ్చి చూసి రాసిన బయటివాడు. పైగా సంస్థకి అప్పటికి ఆరేళ్లే, జ్ఞాపకాలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఈ వ్యాసం వచ్చేనాటికి రెండు వేలున్న సభ్యుల సంఖ్య ఆ ఏడాది చివరికి ఎనిమిది వేలకు చేరింది. అంత ఊపు తెచ్చిన రాత ఎలా ఉందో చూడటానికైనా చదవాలి. మాకు తెలిసి మొదటి అడుగుకి ఇంతకన్నా మంచిది లేదు.

బిగ్ బుక్: ఏ కూర్పు కొంటున్నారో చూసుకోండి

సంస్థ పేరే పెట్టుకున్న దాని మూలగ్రంథం 'ఆల్కహాలిక్స్ అనానిమస్' 1939 ఏప్రిల్‌లో వచ్చింది. ధర మూడున్నర డాలర్లు. అంత డబ్బు పెట్టినవాడికి చేతిలో బరువు తెలియాలని కావాలనే దళసరి కాగితం మీద వేశారు. బిగ్ బుక్ అన్న పేరు అలా పడింది. తర్వాత 1955, 1976, 2001లో కొత్త కూర్పులు వచ్చాయి. ప్రతిసారీ మారింది ప్రధానంగా వెనకభాగంలోని సభ్యుల కథలే. ముందున్న మూలపాఠాన్ని దాదాపు ముట్టుకోలేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మొదటి రెండు కూర్పుల కాపీరైట్ అమెరికాలో పునరుద్ధరించలేదు. దాంతో ఎవరు పడితే వాళ్లు 1939 పాఠాన్ని అచ్చేసి, పైన కొత్త బొమ్మ పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మీరు ఇప్పటి పుస్తకం అనుకుని కొంటారు, మీటింగులో పేజీ నంబరు చెబితే మీ దాంట్లో ఆ వాక్యం ఉండదు. మొదటి కూర్పులో 'డాక్టర్స్ ఒపీనియన్' అధ్యాయం ఒకటో పేజీలో మొదలవుతుంది, మూలపాఠం 179తో ముగుస్తుంది. రెండో కూర్పు నుంచి ఆ అధ్యాయాన్ని ముందుమాటల దగ్గరికి, రోమన్ అంకెల్లోకి జరిపారు. అందుకే మీటింగుల్లో అందరూ 'మొదటి 164 పేజీలు' అంటారు.

తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లను స్టెప్స్ అంటారు. పుస్తకం చేతికి రాగానే పన్నెండో స్టెప్ తెరవండి. అక్కడ 'స్పిరిచువల్ ఎక్స్‌పీరియన్స్' అని ఉంటే అది 1939 నాటి మొదటి ముద్రణ పాఠం. 'స్పిరిచువల్ అవేకెనింగ్' అని ఉంటే 1941 తర్వాతది. ఈ మార్పు ఊరికే జరగలేదు. టౌన్స్ ఆసుపత్రిలో బిల్‌కి 1934 డిసెంబర్‌లో గది నిండా వెలుగు కనబడిందని పుస్తకం మొదట్లోనే చదివినవాళ్లు, తమకూ అలాంటి మెరుపు మెరవాలేమో, మెరవకపోతే తాము పనికిరామేమో అని బెంగపెట్టుకున్నారు. నిజానికి ఎక్కువమందికి మార్పు నెలల తరబడి మెల్లగా వచ్చింది. ఆ మాట చెప్పడానికే పదం మార్చి, చివర ఒక అనుబంధం చేర్చారు. ఆ అనుబంధం లేని ప్రతి కొనకండి. దైవం విషయంలో తటపటాయించే చదువరికి అందులో అత్యవసరమైన రెండు పేజీలు అవే.

ఇంగ్లీషు కష్టమైతే 2024లో ఏఏ తెచ్చిన 'ప్లెయిన్ లాంగ్వేజ్ బిగ్ బుక్' చూడండి. మూలపాఠాన్నే చిన్న వాక్యాల్లో చెబుతుంది, అసలు దానికి బదులు కాదు, పక్కన పెట్టుకుని చదవడానికి. మూలం ఏఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. మన దేశంలో ఏఏ 1957లో మొదలైంది. హైదరాబాద్ లాంటి చోట్ల మీటింగుకి వెళ్తే పుస్తకాల బల్ల దగ్గర తెలుగు కరపత్రాలు, పుస్తకాలు ఏమున్నాయో అడిగి అక్కడే కొనడం మంచిది. కూర్పు విషయంలో మోసపోయే భయం ఉండదు.

పాత కూర్పుల నుంచి తీసేసిన కథలు పోలేదు. వాటిలో 56 కథలను 'ఎక్స్‌పీరియన్స్, స్ట్రెంగ్త్ అండ్ హోప్' పేరుతో 2003లో ఒకచోట చేర్చారు. 1930ల సభ్యుడు ఎలా మాట్లాడాడో వినాలంటే పాత కూర్పు కోసం వేలు పోయకండి, ఇది చాలు. సేకరణకర్తల మార్కెట్ వేరే లోకం. అక్కడ రంగురంగుల పాత అట్టల నకళ్లు కూడా తిరుగుతుంటాయి.

సంస్థ తానే రాసుకున్న మూడు చరిత్రలు

'ఆల్కహాలిక్స్ అనానిమస్ కమ్స్ ఆఫ్ ఏజ్' 1957లో వచ్చింది. 1955 జూలైలో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఇరవయ్యో వార్షికోత్సవ సభ దీనికి ఆధారం. బిల్ అక్కడ చేసిన మూడు ప్రసంగాలు దీని వెన్నెముక: కోలుకోవడం, ఐక్యత, సేవ. ట్రెడిషన్లు, అంటే గ్రూపులు నడుచుకునే పన్నెండు నియమాలు, ఎందుకు పుట్టాయో, ఒక్కో నియమం వెనక ఏ గొడవ ఉందో ఇంత నిండుగా చెప్పిన పుస్తకం ఇంకొకటి లేదు. గ్రూపు సెక్రటరీగానో సేవలోనో ఉన్నవాళ్లు తప్పకుండా చదవాలి. తేదీలకి మాత్రం దీన్ని ప్రమాణంగా తీసుకోవద్దు.

'డాక్టర్ బాబ్ అండ్ ద గుడ్ ఓల్డ్‌టైమర్స్' 1980 నాటిది. మా మనసుకి మూడింటిలో దగ్గరిది ఇదే. కారణం, ఇందులో ఒకరి గొంతు కాదు, ఆక్రన్ చుట్టుపక్కల పాత సభ్యులు, వాళ్ల భార్యలు, పిల్లలు మాట్లాడతారు. ఒకరి మాట ఇంకొకరి మాటతో పొసగదు. ఒకాయన బాబ్ కఠినుడంటాడు, ఇంకొకరు మెత్తనివాడంటారు. సంపాదకులు రెండూ ఉంచారు. ఆసుపత్రి మంచం పక్కన బిల్, బాబ్ ఇద్దరూ కూర్చుని మూడోవాడితో మాట్లాడటం ఎలా ఉండేదో ఇక్కడే కళ్లకు కడుతుంది. ఆ మూడోవాడు బిల్ డి. అనే లాయరు. 1939 ఆగస్టు నుంచి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా తాగుబోతులను చేర్చుకోవడం ఎలా మొదలైందో కూడా ఇక్కడ చూడొచ్చు. ఆమె గురించే కావాలంటే మేరీ డారా 1992లో రాసిన జీవితచరిత్ర ఉంది.

'పాస్ ఇట్ ఆన్' 1984. ఇది బిల్ జీవితం. అధికారిక పుస్తకమే అయినా అనుకున్నంత పూసిపుచ్చలేదు. ఆయన ఏళ్ల తరబడి పడిన దిగులు జబ్బు, 1950ల్లో ఎల్‌ఎస్‌డీతో చేసిన ప్రయోగం రెండూ ఇందులో ఉన్నాయి. దాంపత్యం బయట ఆయనకున్న సంబంధాల జోలికి మాత్రం పోలేదు. అది తెలుసుకోవాలంటే బిల్ భార్య లోయిస్‌కి సెక్రటరీగా పనిచేసిన ఫ్రాన్సిస్ హార్టిగన్ 2000లో రాసిన జీవితచరిత్ర, 2004లో సుసాన్ చీవర్ రాసింది చూడాలి. రాబర్ట్ థామ్సెన్ 1975 పుస్తకం నవలలా పరుగెత్తుతుంది. హాయిగా చదువుకోండి, కానీ అందులోని సంభాషణలను బిల్ అన్న మాటలుగా ఎక్కడా ఉదహరించకండి. అవి రచయిత అల్లినవి.

'కాన్ఫరెన్స్ అప్రూవ్డ్' అన్న ముద్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గ్రూపుల ప్రతినిధులు కూర్చునే జనరల్ సర్వీస్ కాన్ఫరెన్స్ మొదటిసారి 1951లో జరిగింది. ఆ సభ ఆమోదం పొంది సంస్థ ప్రచురించింది అని మాత్రమే ఆ ముద్రకి అర్థం. అది లేని పుస్తకం నిషిద్ధం అని కాదు. కొందరు కొత్తవాళ్లు ఇది తెలియక మంచి చరిత్ర పుస్తకాలను పక్కన పెట్టేస్తారు.

కాగితాలు తిరగేసిన ఇద్దరు

ఎర్నెస్ట్ కర్ట్జ్ 'నాట్-గాడ్' 1979లో వచ్చింది. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ కోసం రాసిన సిద్ధాంత గ్రంథం ఇది. ఏఏ తన ఆర్కైవ్స్ తలుపు ఆయనకు తెరిచింది. పేరులోనే ఆయన వాదం ఉంది: తాగుబోతు ముందుగా ఒప్పుకోవాల్సింది తాను దేవుణ్ని కానని, సర్వం తన చేతుల్లో లేదని, ఆ లోటే మనిషిని ఇంకో మనిషితో కలుపుతుందని. మొదటి భాగం కథనం, సాఫీగా సాగుతుంది. రెండో భాగం అమెరికన్ మతచింతన, తత్వం మీద చర్చ. చాలామంది అక్కడే ఆగిపోతారు. మా సూచన: మొదటి భాగాన్ని వెనకనున్న నోట్సుతో కలిపి, రెండు బుక్‌మార్కులు పెట్టుకుని చదవండి. అసలు సరుకు సగం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. రెండో భాగాన్ని ఏడాది తర్వాతకి వాయిదా వేసినా నష్టం లేదు.

విలియం షాబర్గ్ 'రైటింగ్ ద బిగ్ బుక్' 2019లో వచ్చింది. లావైన పుస్తకం, కానీ కథ నడిచేది 1937 అక్టోబర్ నుంచి 1939 ఏప్రిల్ వరకు, ఏడాదిన్నర మాత్రమే. ఆనాటి ఉత్తరాలు, చిత్తుప్రతులు, లెక్కల కాగితాలు పక్కపక్కన పెట్టి, బిల్ తర్వాత చెప్పిన కథతో ఎక్కడ పొసగుతుంది, ఎక్కడ పొసగదు అని వరుసగా తేలుస్తాడు. పుస్తకం అచ్చుకి డబ్బు కోసం 25 డాలర్ల చొప్పున షేర్లు అమ్మిన వ్యవహారం, దాన్ని ముందుండి నడిపిన హాంక్ పార్క్‌హర్స్ట్ పాత్ర ఇక్కడ తెలిసినంతగా వేరెక్కడా తెలియదు. హాంక్ మళ్లీ తాగుడులో పడ్డాడు, దాంతో సంస్థ చెప్పే కథలో ఆయన వాటా కుంచించుకుపోయింది. ఆయనకి ఈ పుస్తకం కొంత న్యాయం చేసింది.

ఈ రెండింటిలో ఒకటే కొనగలిగితే, మొత్తం బొమ్మ కావాలన్నవాళ్లు కర్ట్జ్, ఒక్క ఘట్టం లోతు చూడాలన్నవాళ్లు షాబర్గ్ తీసుకోండి. షాబర్గ్‌ని మొదటి పుస్తకంగా మాత్రం వద్దు. సరిదిద్దే పుస్తకం అది. దేన్ని సరిదిద్దుతోందో తెలియకపోతే పేజీలు బరువనిపిస్తాయి.

వీటితో పాటు అమెరికాలోని హేజల్డన్ అనే చికిత్సా సంస్థ 2010లో ప్రచురించిన రాతప్రతి నకలు ఉంది, 'ద బుక్ దట్ స్టార్టెడ్ ఇట్ ఆల్'. అచ్చుకి ముందు టైపు ప్రతి మీద పెన్సిలుతో కొట్టేసినవి, చేర్చినవి రంగుల్లో కనబడతాయి. ఏడో స్టెప్ చూడండి. మొదటి పాఠంలో 'వినయంగా, మోకాళ్ల మీద నిలిచి, ఏదీ దాచుకోకుండా' మా లోపాలు తీసెయ్యమని దేవుణ్ని అడిగాం అన్న అర్థంలో ఉండేది. అచ్చులో మోకాళ్లూ పోయాయి, దాచుకోకపోవడమూ పోయింది. 'వినయంగా' ఒక్కటే మిగిలింది. దేవుణ్ని నమ్మని న్యూయార్క్ సభ్యుల పట్టు ఎంత గట్టిదో, రాజీ ఎంత చిన్న గీతతో కుదిరిందో ఆ ఒక్క వరుసలో కనబడుతుంది. పెద్ద సైజు, ఖరీదు ఎక్కువ. సొంతంగా కొనేకంటే నలుగురు కలిసి తెప్పించుకునే పుస్తకం.

ఇంట్లో ఒకరు తాగుతుంటే

భార్యకో తల్లికో బిగ్ బుక్ ఇచ్చి 'టు వైవ్స్' అధ్యాయం చదవమంటారు. ఒక విషయం తెలిసి ఇవ్వండి. భార్య గొంతుతో ఉన్నా ఆ అధ్యాయం రాసింది బిల్. తనకి రాయనివ్వలేదని లోయిస్ నొచ్చుకుంది. ఆమె సొంత మాట కావాలంటే 1979లో వచ్చిన 'లోయిస్ రిమెంబర్స్' ఉంది. బిల్ మానేశాక తనకి సంతోషం రావాల్సింది పోయి కోపం ఎందుకు వచ్చిందో, మీటింగుకి తొందరపెడుతున్న మొగుడి మీదికి చెప్పు ఎందుకు విసిరిందో, తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో అల్-అనాన్ అనే సంఘం ఎలా రూపుదిద్దుకుందో ఆమే చెబుతుంది. తాగుబోతు మారాక ఇంటి మనిషికి మిగిలే పని గురించి ఇంత నిజాయితీగా రాసింది తక్కువ. మన ఇళ్లల్లో ఈ పుస్తకం అవసరమైనవాళ్లు చాలామంది ఉన్నారని మా నమ్మకం.

కౌన్సెలర్లకు, విద్యార్థులకు

సైకాలజీ, సోషల్ వర్క్ చదివేవాళ్లు ఏఏ దగ్గర మొదలుపెడితే సగం కథే తెలుస్తుంది. విలియం వైట్ 'స్లేయింగ్ ద డ్రాగన్' తీసుకోండి. 1998 మొదటి కూర్పు, 2014 విస్తరించిన కూర్పు. కొంటే రెండోదే కొనండి. బంగారం కలిపిన మందు అంటూ ఊరూరా శాఖలు పెట్టిన కీలీ ఇన్‌స్టిట్యూట్ల నుంచి వాషింగ్టోనియన్ల దాకా అన్నీ ఇందులో ఉన్నాయి.

ఆ వాషింగ్టోనియన్ల అధ్యాయం తెలుగువాళ్లకి ప్రత్యేకంగా పనికొస్తుంది. 1840లో బాల్టిమోర్ సారాకొట్టులో కూర్చున్న ఆరుగురు తాగుబోతులు మొదలుపెట్టిన సంఘం అది. కొద్ది ఏళ్లలోనే వేలాదిమంది చేరారు. మానినవాళ్లతో పాటు మద్యనిషేధ రాజకీయమూ లోపలికి వచ్చింది, సంఘం చెదిరిపోయింది. బయటి వివాదాల్లో ఏఏ అభిప్రాయం చెప్పదన్న పదో ట్రెడిషన్ వివరణలో, 1953 నాటి 'ట్వెల్వ్ స్టెప్స్ అండ్ ట్వెల్వ్ ట్రెడిషన్స్' పుస్తకం ఈ సంఘాన్నే పాఠంగా చూపిస్తుంది. దూబగుంట ఆడవాళ్ల 1992 సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబర్ 1 సారా నిషేధం, 1995 జనవరి మద్యనిషేధం మన కళ్లముందు జరిగినవి. అందుకని తాగుడు మాట రాగానే మన మనసు కొట్టు మూయించడం వైపు పోతుంది. అది ఊరి పోరాటం, దాని గౌరవం దానిది. ఏఏ పుస్తకాల్లో ఆ పోరాటం వెతికితే దొరకదు, అక్కడున్నది సీసా ముందు కూర్చున్న ఒక్క మనిషి సంగతి.

'ఇదంతా పనిచేస్తుందా' అన్న ప్రశ్నకి చరిత్ర పుస్తకాలను సాక్ష్యంగా తేవద్దు. దానికి, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020 మార్చిలో చేసిన సమీక్ష ఉంది: 27 అధ్యయనాలు, 10,565 మంది. రోగులను ఏఏ వైపు ఒక పద్ధతి ప్రకారం నడిపించే చికిత్సల్లో, పూర్తిగా మానేసి ఉండటం అనే కొలమానం మీద ఫలితాలు ఇతర చికిత్సల కంటే మెరుగ్గా వచ్చాయని తేల్చారు. తాగుడు తీవ్రత లాంటి మిగతా కొలమానాల్లో దాదాపు సమానమే. ఏఏ ఒక్కటే దారి అనేవాళ్లూ, అది ఉత్త భజన అనేవాళ్లూ ఇద్దరూ చదవాల్సింది అది. దైవప్రసక్తి లేని సంఘాల చరిత్ర కూడా వైట్ పుస్తకంలో దొరుకుతుంది.

కొనే వరుస

సభ్యుడికైతే: అలెగ్జాండర్ వ్యాసం, నాలుగో కూర్పు బిగ్ బుక్, 'గుడ్ ఓల్డ్‌టైమర్స్', ఆపైన కర్ట్జ్ మొదటి భాగం. ఇంటివాళ్లకి లోయిస్, తర్వాత 'పాస్ ఇట్ ఆన్'. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు 'కమ్స్ ఆఫ్ ఏజ్' చదివిన నెలలోపే షాబర్గ్ తెరవాలి. ఆలస్యమైతే పోల్చడానికి మొదటిది గుర్తుండదు. చదువుతూ ఒక నోటుబుక్కులో ఎడమవైపు సంఘటన, కుడివైపు ఎవరు, ఏ సంవత్సరం చెప్పారో రాసుకోండి. జూన్ 10 లాంటివి ఇంకో పది మీకే దొరుకుతాయి.

చదివినదాని గురించి ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో రాసేటప్పుడు చనిపోయిన వ్యవస్థాపకుల పేర్లు పూర్తిగా రాసినా ఫరవాలేదు, అవి అందరికీ తెలిసినవే. మీకు పుస్తకం ఇచ్చిన మనిషి పేరు, ఏ మీటింగులో ఇచ్చారు అన్నది మాత్రం రాయకండి.